ఆది జాకెట్టు

"తినండి సిస్టర్, మొహమాటపడకండి. మతిమరుపుకి దీన్ని మించింది లేదు," అంటూ జహీదా టిఫిన్ కారియర్‌లో కింది గిన్నె తీసి నర్సు ఎలిజబెత్ ముందు పెట్టింది.

గిన్నెలో ముదురు ఆకుపచ్చ రంగు పచ్చడి. సూర్యారావుపేట ఆస్పత్రిలో ఇంజెక్షన్ల గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నారు జహీదా, ఆమె భర్త ఖయ్యూమ్. పొద్దున ఎనిమిదింటికి వచ్చిన వాళ్ళు, పన్నెండు దాటింది. జహీదాకి రొమ్ము తీసేసి ఐదు నెలలు. ఆ తర్వాత ఆరు విడతలు కేన్సర్ ఇంజెక్షన్లు ఎక్కించాలన్నారు. మూడు అయ్యాయి. నాలుగోది పోయిన సోమవారం ఎక్కించాల్సింది, రక్తపరీక్షలో లివర్ బాగా లేదని వారం ఆగి రమ్మన్నారు. వారం ఆగి వచ్చారు. ఇవాళ్టి కాగితంలో అంకె తగ్గకపోగా ఇంకా పెరిగింది. ఎందుకు పెరిగిందో డాక్టరమ్మకి అంతు పట్టలేదు. భోజనం చేసి రండి, మళ్ళీ చూద్దాం అంది.

ఎలిజబెత్ వేలితో కాస్త పచ్చడి తీసుకుని వాసన చూసింది. "సరస్వతి ఆకా?"

"అవును సిస్టర్. మా ఇంటి ఓనరు పద్మావతమ్మగారు చేసి ఇస్తారు. ఉయ్యూరు దగ్గర వాళ్ళ చెరుకు తోటలో కాలవ గట్ల మీద బోలెడు."

"రోజూ తింటారా?"

"రెండు పూటలా అన్నంలోకి ఇదే. పొద్దున పరగడుపున గ్లాసుడు రసం. పడుకునే ముందు పాలల్లో పొడి." జహీదా వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. ఏదైనా వరసగా చెప్పగలిగితే ఈ మధ్య ఆమె మొహం వెలిగిపోతుంది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"రెండు నెలలు దాటింది."

ఎలిజబెత్ వేలికున్న పచ్చడి నోట్లో పెట్టుకోలేదు. చేతిగుడ్డకి తుడుచుకుని ఖయ్యూమ్ వైపు చూసింది. "డాక్టరుగారికి చెప్పారా మీరు?"

"చెప్పడానికేముందండీ," అన్నాడు ఖయ్యూమ్. "పచ్చడేగా."

డాక్టర్ల దగ్గర జనం రకరకాల అబద్ధాలు ఆడతారు. వీళ్ళు ఒక్కటీ ఆడలేదు, అదే వింత. మొదటి రోజునే డాక్టరమ్మ అడిగితే, హకీంగారిచ్చిన లేహ్యం డబ్బా సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టి, వద్దంటే అక్కడే చెత్తబుట్టలో పడేశారు. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ "ఇంకేమైనా మందులు వాడుతున్నారా" అని ఆమె అడగడం, "లేదండీ" అని ఖయ్యూమ్ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పడం. మందంటే సీసాలో ఉంటుంది, పొట్లంలో ఉంటుంది. పక్క పోర్షన్ పెద్దావిడ రోట్లో రుబ్బి, ఇంగువ తిరగమోత పెట్టి, వేడన్నంలో కలుపుకోమని ఇచ్చేదాన్ని మందని ఎవరంటారు?

ఎలిజబెత్ గిన్నె పట్టుకెళ్ళి చూపిస్తే డాక్టరమ్మ విసుక్కోలేదు. గిన్నె చూసింది, కాగితం చూసింది, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ ఆకు వల్లే పెరిగిందని నేను ఒట్టేసి చెప్పలేను. మేమిచ్చే మందుల వల్ల కూడా పెరగొచ్చు. కానీ రెండూ కలిపి లోపలికి పోతుంటే ఏది ఏం చేస్తోందో నాకెలా తెలుస్తుంది? పచ్చడీ, రసం, పొడి అన్నీ మానెయ్యండి. వచ్చే సోమవారం రక్తం చూస్తాను. తగ్గితే ఎక్కిస్తాను."

"తగ్గకపోతే?" అన్నాడు ఖయ్యూమ్.

"ఇప్పటికే ఆలస్యమైంది. ఇంకా ఆలస్యమైతే ఎక్కించిన మూడూ వృథా అయ్యే ప్రమాదం ఉంది. మీకు అర్థమవుతోందా?"

అతనికి అర్థమైంది. జహీదా మాత్రం వేరే లోకంలో ఉంది.

"డాక్టరమ్మగారూ, అది మానేస్తే నాకు మళ్ళీ మతిమరుపు వచ్చేస్తుందండీ. మొదటి ఇంజెక్షను నుంచీ చెబుతున్నాను మీకు. నేను జాకెట్లు కత్తిరిస్తానండీ. కొలతలు గుర్తుండాలి."

"రాసుకోండమ్మా," అంది డాక్టరమ్మ దయగానే. "ఒక చిన్న పుస్తకం పెట్టుకుని రాసుకోండి. ఇంత దిగుల్లో ఎవరికైనా మతిమరుపు ఉంటుంది."

ఖయ్యూమ్‌కి కోపం వచ్చింది. ఆ ఫైలు దిండంత ఉంది. అందులో జహీదా రక్తం ఉంది, గుండె ఉంది, ఎముకలున్నాయి, తీసేసిన రొమ్ము బరువు కూడా గ్రాముల్లో ఉంది. మర్చిపోతున్నానండీ అని ఆ మనిషి నాలుగుసార్లు మొత్తుకుంటే ఆ ముక్క ఒక్కసారి కూడా ఆ ఫైల్లోకి ఎక్కలేదు. చెప్పుకునేవాళ్ళకి వినేవాళ్ళుంటే గదా, గట్ల మీద ఆకుల దాకా పోకుండా ఉండేది.

రిక్షాలో ఏలూరు కాలవ వంతెన దాటుతుండగా జహీదా అంది, "నేను మాననండీ."

"జహీదా."

"రెండు నెలల కిందట నేనెలా ఉన్నానో మీరు చూడలేదూ? ఇప్పుడెలా ఉన్నానో చూడటం లేదూ? మాననంతే."

కాదనడానికి అతనికి నోరు లేదు. ఎందుకు లేదో మర్నాడు మంగళవారం చూడాల్సిందే.

*

కొత్తపేటలో పద్మావతమ్మ ఇంటి ముందు గది వాళ్ళ కొట్టు, దాని వెనక గది వాళ్ళ కాపురం. కొట్టులో కత్తిరించే బల్ల జహీదాది, మిషను ఖయ్యూమ్‌ది. ఇరవయ్యేళ్ళుగా ఆమె కత్తిరించడం, అతను కుట్టడం. పొరపాటున అతను కత్తెర పట్టుకుంటే "మిషను తొక్కే కాళ్ళకి కత్తెరతో ఏం పనండీ" అని ఆటపట్టించేది. నిజమే, అతనికి కటింగ్ రాదు. రావలసిన అవసరం పడలేదు.

ఊళ్ళో ఏ టైలరు దగ్గరికెళ్ళినా మొదట అడిగేది ఆది జాకెట్టు. సరిగ్గా అమిరిన పాత జాకెట్టు ఒకటి కొలతకి ఇస్తే, దాన్ని పరిచి దాని మీద కొత్తది కత్తిరిస్తారు. జహీదా అడగదు. గుమ్మంలో నిలబడిన మనిషిని ఒకసారి పైనుంచి కిందికి చూసి, టేపు మూడుసార్లు తిప్పుతుంది, ఇక అయిపోయింది. కాగితం లేదు, పెన్సిలు లేదు. మళ్ళీ రెండేళ్ళకి ఆ మనిషి గుడ్డ పంపిస్తే చాలు, మనిషి రానక్కర్లేదు. "ఛాతీ ముప్పైనాలుగు, భుజం పదమూడున్నర, ఎడమ భుజం కాస్త జారుడు" అని చదివినట్టు చెప్పి చాక్‌పీసు అందుకుంటుంది. శ్రావణమాసం ముందు ఆ బల్ల మీద గుడ్డలు అటకంత ఎత్తు పేరుకునేవి అందుకే.

మంగళవారం పొద్దున ఆమె రసం తాగి బల్ల దగ్గరికి వచ్చింది. పద్మావతమ్మ ఎప్పట్లా కిటికీలో పెట్టి వెళ్ళిన గ్లాసు అది. వద్దని చెప్పడానికి ఖయ్యూమ్ లేచేలోపే ఖాళీ అయిపోయింది. నీలం రంగు వాయిల్ గుడ్డ మడత పెట్టి, అంచులు చేత్తో సాపు చేసి, గీత మొదలుపెట్టింది. ఆపరేషనైన వైపు చెయ్యి పైకి లేవదు. ఆ మోచేతిని బల్లకి ఆనించి, రెండో చేత్తో చంక గుండ్రం ఒక్క ఊపులో తిప్పింది. పెదాలు కదులుతున్నాయి, అంకెలు చెప్పుకుంటోంది.

"చూశారా," అంది. "ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ ఆకు మానమంటుంది ఆవిడ."

ఖయ్యూమ్ బాబిన్‌కి దారం చుడుతూ తలూపాడు.

ఆమె పద్ధతి ఒకటుంది. పొద్దున గీతలు గీస్తుంది. మధ్యాహ్నం జొహర్ నమాజు కుర్చీలో కూర్చుని చేసుకుని, గంట సేపు నడుం వాలుస్తుంది. లేచి అప్పుడు కత్తిరిస్తుంది. గీత గీసిన చెయ్యి కాస్త చల్లబడ్డాకే కత్తెర పట్టాలని వాళ్ళమ్మ చెప్పిన మాట.

ఆమెకి నిద్ర పట్టిన ఊపిరి వినిపించాక ఖయ్యూమ్ లేచాడు. మిషను వెనక పీలికల మూట ఉంది. అందులో చెయ్యి పెట్టి ఒక పాత జాకెట్టు బయటికి లాగాడు. ఆ నీలం వాయిల్ గుడ్డావిడ ఆది జాకెట్టు అది. పోయిన వారం సైకిలేసుకుని వాళ్ళింటికి వెళ్ళి, పెరటి గుమ్మంలో నిలబడి అడిగి తెచ్చాడు. "మా ఆవిడకి తెలియనివ్వకండమ్మా" అని చెప్పాడు. ఆవిడ పాపం ఇంకేమీ అడగలేదు. ఇలా ఒక్కరు కాదు, పధ్నాలుగు మంది.

జాకెట్టు గుడ్డ మీద పరిచి చూశాడు. ఛాతీ రెండంగుళాలు ఎక్కువ. భుజం అంగుళం తక్కువ. ఈ కొలత ఈవిడది కానే కాదు, ఇంకెవరిదో. లేకపోతే ఎవరిదీ కాదు.

బట్టల బ్రష్షుతో గీతలు మెల్లగా తుడిచాడు. చాక్‌పీసు చెక్కి, ఆది జాకెట్టు చూసుకుంటూ కొత్త గీతలు గీశాడు. చంక దగ్గర జహీదా గీత చివర చిన్న కొక్కెంలా వంగుతుంది. అదీ వచ్చేలా గీశాడు. ఆ వంపు పట్టుబడటానికి మూడు వారాలు పట్టింది, పాత పేపర్ల మీద నేర్చుకున్నాడు.

రెండు నెలల కిందట ఒక టీచరమ్మ తన జాకెట్టు తెచ్చి ఈ బల్ల మీద పరిచి, "ఏంటి జహీదా, నా చేతులు ఇందులో పడతాయనుకున్నావా" అని నవ్వుతూనే అంది. జహీదా నవ్వలేదు. టీచరమ్మ వెళ్ళాక ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది. అన్నం తినలేదు. మర్నాడు పద్మావతమ్మ ఆకు తెప్పించింది. ఆ మర్నాడు ఖయ్యూమ్ మొదటి ఆది జాకెట్టు తెచ్చాడు. రెండూ ఒకే వారంలో మొదలయ్యాయి, అదే కొంప ముంచింది. జాకెట్లు తిరిగి రావడం ఆగిపోయింది. ఆకు పనిచేస్తోందని జహీదా అంది. పనిచేస్తోందని పద్మావతమ్మ పొంగిపోయింది, గ్లాసు పెద్దదైంది. అతను ఎంత బాగా గీస్తే ఆమె అంత ఎక్కువ తాగింది.

మూడింటికి జహీదా లేచి, మొహం కడుక్కుని వచ్చి, గుడ్డ చేతిలోకి తీసుకుంది.

"నా గీత చూస్తే నాకే ముద్దొస్తోందండీ," అంది, కత్తెర పెడుతూ.

*

బుధవారం పద్మావతమ్మకి చెప్పక తప్పలేదు. ఆవిడ వెనక వసారాలో రోటి ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టేసినా మిక్సీలో వేస్తే గుణం పోతుందని రోట్లోనే రుబ్బేది.

"పిన్నిగారూ, ఆకు ఇక వద్దండీ."

"ఏం నాయనా, చేదెక్కిందా? కాస్త బెల్లం వేస్తాలే."

ఖయ్యూమ్ గడపలో కూలబడి డాక్టరమ్మ అన్నది అన్నట్టు చెప్పాడు. ఒట్టేసి చెప్పలేనన్న మాట రెండుసార్లు చెప్పాడు. ఆవిడ చెయ్యి పొత్రం మీదే ఆగిపోయింది.

"అంటే నేనేగా," అంది. "ఇంజెక్షను ఆపించింది నేనేగా అబ్బాయ్."

"అలా అనకండి."

"మా అత్తగారు మా పిల్లలందరికీ పెట్టింది. చదువు వస్తుందని. ఎవరికీ ఏమీ కాలేదు."

"వాళ్ళ ఒంట్లోకి ఇంకో మందు పోలేదు కదండీ. పైగా మనం పచ్చడిలా పెట్టామా, మూడు పూటలా పోశాం."

ఆవిడ రోట్లో ముద్ద మొత్తం చేత్తో తీసి, లేవలేక లేచి, పెరట్లో అరటి చెట్టు మొదట్లో వేసింది. పసరు అంటిన చేతుల్ని ఎన్నిసార్లు కడుక్కుందో. కడుక్కుంటూ ఏడ్చింది. ఖయ్యూమ్‌కి ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. ఆ ఏడుపులో సగం తనదని, ఆకు పనిచేయడం లేదని తనకి మొదటి నుంచీ తెలుసని చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఇంట్లో చెప్పకుండా బయట చెప్పడం ఏం మర్యాద?

"జహీదాకి ఏం చెబుతావు?" అంది పద్మావతమ్మ.

"మానదట."

"ఇస్తేగా తాగేది. నేనివ్వను. శౌరయ్య రేపు తెచ్చినా వెనక్కి పంపించేస్తా."

*

శౌరయ్య ఉయ్యూరులో ఆవిడ చెరుకు తోట చూసే మనిషి. గురువారం గురువారం పొద్దున బస్సులో గోనెసంచీ నిండా ఆకు తెస్తాడు. ఆ గురువారం పద్మావతమ్మ వద్దంటే, ఎందుకో అర్థం కాక సంచీ భుజాన వేసుకుని వెనక్కి మళ్ళాడు. దారాల కొట్టుకి వెళ్ళిన ఖయ్యూమ్ తిరిగి వచ్చేసరికి సందు మలుపులో జహీదా కనిపించింది. గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కొంగు నిండా, శౌరయ్యని ఆపి మూట కట్టించుకున్న ఆకు. పచ్చి ఆకు గుప్పెళ్ళతో నోట్లో పెట్టుకుని నములుతోంది. పెదాల చివర పసరు కారుతోంది.

"ఉమ్మెయ్," అన్నాడు అతను.

ఆమె మింగింది.

"జహీదా, సోమవారం ఆ అంకె తగ్గకపోతే ఇక ఎక్కించరు. నీకు తెలియడం లేదా? చచ్చిపోతావు."

"మీ భయం నా ప్రాణం పోతుందని," అంది జహీదా, అరచేత్తో పెదాలు తుడుచుకుంటూ. "నా భయం అది కాదండీ. ఒక రోజు పొద్దున లేచి ఆ బల్ల ముందు నిలబడి, ఇదేమిటి, ఇక్కడేం చేస్తారు అని నేను మిమ్మల్ని అడుగుతానేమోనని. టీచరమ్మ వచ్చిన రోజు నాకు ఏమయిందో మీకు తెలియదు. ఆవిడ పేరు కూడా నాకు గుర్తు రాలేదు. పదేళ్ళ నుంచి కుడుతున్నాను ఆవిడకి. రొమ్ము కోస్తామంటే సరేనన్నాను కదా? కోయనిచ్చాను కదా? ఇది మాత్రం ఇవ్వను. ఆ ఆకు దీన్ని నాకు తెచ్చిచ్చింది. మీరే కుట్టారు కదా, ఒక్కటైనా తప్పు వచ్చిందా ఈ రెండు నెలల్లో? చెప్పండి, ఒక్కటి."

నిజం చెప్పడానికి ఇంత కంటే మంచి అదను ఉండదు. ఏం మనిషో, నడివీధిలో భార్య నోటికంటిన పసరు వైపు చూస్తూ నిలబడిపోయాడు.

ఆమె విసురుగా ఇంట్లోకి నడిచింది. నమాజుకి ఆగలేదు, పడుకోలేదు. మామిడిపండు రంగు పట్టుగుడ్డ బల్ల మీద పరిచింది. ఎల్ఐసీ ఆఫీసులో పనిచేసే శివపార్వతిది అది, చెల్లెలి పెళ్ళికి కట్టుకోవడానికి. ధర్మవరం చీర లోంచి వచ్చిన జాకెట్టు ముక్క. చెడితే ఇంకోటి దొరకదు. జహీదా చకచకా గీసింది. అతనికి చూపించడానికే గీస్తున్నట్టు గీసింది. చాక్‌పీసు కింద పెట్టి వెంటనే కత్తెర అందుకుంది.

ఖయ్యూమ్‌కి గీత కనబడింది. ఆరు నెలల కిందటైతే కనబడేది కాదు. ఈ రెండు నెలల్లో అతనికి చూపు వచ్చింది. మెడ లోతు మూడంగుళాలు ఎక్కువ, వీపు సన్నం. కత్తెర నోరు పట్టు అంచుని పట్టుకుంది.

అతను వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఏంటండీ ఇది?"

"ఆ గీత తప్పు."

"మీకేం తెలుసు?"

అతను వదల్లేదు. రెండో చేత్తో కత్తెర విడిపించుకుని పక్కన పెట్టాడు. మిషను వెనక నుంచి పీలికల మూట ఈడ్చుకొచ్చి బల్ల మీద కుమ్మరించాడు. పీలికల్లోంచి జాకెట్లు. ఎర్రవి, నల్లవి, పువ్వులవి, చంకల్లో చెమట మరకలవి, పధ్నాలుగు. శివపార్వతిది వెతికి, పట్టుగుడ్డ మీద పరిచాడు.

జహీదా చూసింది. జాకెట్టు ఎక్కడుందో చూసింది, గీత ఎక్కడుందో చూసింది. తర్వాత మిగతా పదమూడు జాకెట్లూ ఒక్కొక్కటే చేత్తో జరుపుతూ చూసింది. తెలివైన మనిషి. ఎవరూ ఏమీ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

"రోజూనా?" అంది.

"రోజూ."

"నేను పడుకున్నాకనా?"

"ఊఁ."

"మరి ఆ గీతలు నావిలాగే ఉండేవి."

"నేర్చుకున్నాను."

ఆమె స్టూలు మీద కూర్చుంది. అతను ఎదురుగా నిలబడి తిట్లకోసం చూశాడు. తిడితే బాగుండేదనుకున్నాడు.

"మరి ఆకు?" అంది జహీదా. గొంతు చాలా చిన్నగా ఉంది.

"ఆకు ఏమీ చెయ్యలేదు. నీ కళ్ళల్లో నీళ్ళు చూడలేక నేను చేసిన పని ఇది. నేను చెయ్యకపోయి ఉంటే నువ్వా ఆకుని పది రోజుల్లో మానేసి ఉండేదానివి. ఇంజెక్షను ఆగేది కాదు. తప్పంతా నాది."

అతని తప్పు గురించి ఆమె వినలేదు. తన చేతులు తిప్పి చూసుకుంటోంది, చాక్ పొడి అంటిన వేళ్ళు.

"అయితే నేను బాగుపడలేదన్నమాట," అంది.

ఖయ్యూమ్ ఆమె పక్కన నేల మీద కూర్చుని, ఆమె మోకాలికి తల ఆనించాడు. ఆమె తొయ్యలేదు, దగ్గరికీ తీసుకోలేదు. కొంగు ముడి విప్పి, మిగిలిన ఆకు కిటికీ లోంచి బయటికి దులిపింది.

*

సోమవారం కాగితంలో అంకె సగానికి దిగింది. ఇంకొంచెం దిగాలి, గురువారం రండి, ఎక్కిస్తాను అంది డాక్టరమ్మ. ఎలిజబెత్ వరండా దాకా వచ్చి జహీదా భుజం నిమిరి వెళ్ళింది. జహీదా అందరికీ మర్యాదగా తలూపింది.

ఇంటికొచ్చాక ఆమె మిషను ముందు కూర్చుంది. "ఇక మీరు కత్తిరించండి," అంది మామూలుగా. "నేను కుడతాను. గీత మీద పోనివ్వడమేగా, దానికి గుర్తు పెట్టుకునేదేముంది." అతను ఏదో అనబోతే, "మీ చంక గుండ్రం నాదాని కంటే బాగుంది ఇప్పుడు," అంది. ఎగతాళి లేదు ఆ మాటలో. అందుకే అతనికి ఎక్కువ నొప్పి పుట్టింది. గడప పక్కన గోడకి అట్టముక్క వేలాడదీశాడు, స్కెచ్ పెన్నుతో రాసి: ఆది జాకెట్టు తప్పక తేవలెను.

బుధవారం పదకొండింటికి శివపార్వతి వచ్చింది. ఖయ్యూమ్ కత్తిరించి జహీదా కుట్టిన పట్టు జాకెట్టు పక్క గదిలో వేసుకుని చూసుకుని, బాగుందంది. ఇంకో గుడ్డ కూడా తెచ్చింది, ఆకుపచ్చది, రిసెప్షన్‌కి. అట్టముక్క చదివి, "తెచ్చానండీ, ఈసారి ఇంకోటి తెచ్చాను. అప్పుడిచ్చిందానికంటే ఇదయితే నా ఒంటికి అతికినట్టుంటుంది," అంటూ సంచీలోంచి పాత జాకెట్టు ఒకటి తీసి మిషను మీద పెట్టింది. వంగపండు రంగు, బాగా ఉతికి ఉతికి వెలిసిపోయింది.

జహీదా దాన్ని చేతిలోకి తీసుకుంది. లోపలి వైపు తిరగేసింది. భుజం కుట్టు మీద బొటనవేలు నడిపింది. చంక దగ్గర గుడ్డని రెండు చేతులా సాగదీసి, గుమ్మం వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. చెయ్యి లేవకపోయినా లేపింది. చాలాసేపు చూసింది.

"ఇది చూడండి," అంది ఖయ్యూమ్‌తో. "ముడత లేకుండా ఎలా కూర్చుందో చూడండి చంక. ఎడమ భుజం జారుడని తెలిసి ఇక్కడ పావంగుళం ఎక్కించారు. ఈ మనిషికి చెయ్యి కాదు, కళ్ళున్నాయి." శివపార్వతి వైపు తిరిగింది. "ఇంత బాగా కత్తిరించేవాళ్ళు ఉండగా మా దగ్గరికెందుకు తెచ్చారమ్మా? ఎవరు కత్తిరించారు ఇది?"

శివపార్వతి ఖయ్యూమ్ మొహంలోకి చూసింది. ఏం చెప్పమంటారన్నట్టు చూసింది. ఎవరో పాతావిడ అంటే సరిపోతుంది, ఊరు వదిలి వెళ్ళిపోయిందంటే సరిపోతుంది. అతనికి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నువ్వే," అన్నాడు. "నువ్వే కత్తిరించావు జహీదా. మూడేళ్ళయింది."

జహీదా మళ్ళీ జాకెట్టు వైపు చూసింది. గుర్తుపట్టడానికి చాలా కష్టపడింది, అది ఆమె నొసట కనబడింది. చివరికి గుర్తు రాలేదు.

"అలాగా," అంది. జాకెట్టుని ఒళ్ళో పెట్టుకుని మడత పెట్టింది. "ఏమీ అనుకోకపోతే దీన్ని నాలుగు రోజులు మా దగ్గర ఉండనివ్వండమ్మా."

"ఉంచుకోండి. కొలతకేగా."

"కొలత ఆయన ఇప్పుడే తీసుకుంటారు. నేను చూసి నేర్చుకుంటాను."

శివపార్వతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఖయ్యూమ్ కత్తెర కింద పెట్టి, వీధి గుమ్మం తెరిచి ఉండగానే, ఎదుట పరాయి ఆడమనిషి నిలబడి ఉండగానే వెక్కి వెక్కి ఏడ్చాడు. జహీదా తల ఎత్తలేదు. జాకెట్టు మడత మళ్ళీ విప్పి, చంక కుట్టు దగ్గర ఒక్కొక్క పోగూ గోటితో విడదీస్తూ చూస్తోంది.